చప్పుడు చేసే పెడల్, చప్పుడు చెయ్యని క్లీటు

 కొంచెం పెద్దగానే రాస్తున్నాం, తీరిగ్గా చదవండి.

"తొక్కుతుంటే పెడల్ దగ్గర టిక్కు టిక్కుమంటోంది, ఏం చెయ్యమంటారు" అని ఈ మధ్య మమ్మల్ని నలుగురైదుగురు అడిగారు. అందులో ఇద్దరు అప్పటికే షాపుకెళ్లి కొత్త పెడళ్లు వేయించేసుకున్నారు. డబ్బులు పోయాయి, చప్పుడు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో మాకు తెలిసినంత వరకు, మా సైకిల్ మీద జరిగినదాంతో కలిపి చెప్తాం.

మేం నలుగురం. పాడేరు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం, ముగ్గురు అబ్బాయిలం, ఒక చెల్లి. అందరం డిగ్రీలో ఉన్నాం. మా నలుగురికీ కలిపి రెండు రోడ్డు సైకిళ్లు. నగరంలో కొత్తవి కొనుక్కునేవాళ్లు పాతవి అమ్మేస్తుంటారు కదా, అలా అమ్మినవి చందాలేసుకుని కొన్నాం. వాటితోపాటే క్లిప్‌లెస్ పెడళ్లు, షూలు వచ్చాయి. మేం పెద్ద ఆటగాళ్లమేం కాదు. కానీ చెల్లి తొక్కుడు చూసినవాళ్లెవరైనా రెండోసారి తిరిగి చూస్తారు. ఆ అమ్మాయికి సెలక్షన్ ట్రయల్స్ రెండు వారాలుందనగా ఈ కథ మొదలైంది.

క్లిప్‌లెస్ పెడల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాత రేసు సైకిళ్లలో పెడల్ ముందు ఇనుప కొక్కెంలాంటిది ఉండేది, దాన్ని టో క్లిప్ అనేవారు. దానికో తోలు పట్టీ. కాలు అందులో దూర్చి, వంగి, పట్టీ లాగి బిగించుకోవాలి. పడిపోతే కాలు చప్పున బైటికి రాదు. స్కీ బూట్లకు పట్టులు తయారుచేసే లుక్ అనే ఫ్రెంచి కంపెనీ 1984లో ఆ స్కీ పద్ధతినే సైకిల్‌కి తెచ్చింది. 1985లో బెర్నార్డ్ హినాల్ట్ ఆ పెడళ్లతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. దాంతో పాత క్లిప్పుల పని అయిపోయింది. ఆ క్లిప్పు లేదు కాబట్టి దీన్ని క్లిప్‌లెస్ అన్నారు. పేరేమో క్లిప్పు లేదని, పనేమో కాలిని క్లిప్పులా పట్టుకోవడం! ఎవరు పెట్టారోగానీ పేరు విని మేం చాలాసార్లు నవ్వుకున్నాం. షూ అడుగున బోల్టులతో బిగించే ముక్క క్లీటు. కాలు పెట్టి నొక్కితే టక్కున పట్టుకుంటుంది. మడమ బైటికి తిప్పితే వదిలేస్తుంది.

చోడవరం వైపు నుంచి పాడేరు ఎక్కే ఘాట్ రోడ్డే మా మైదానం. గరికబంద దాటి ఎక్కుతున్నప్పుడు చెల్లి సైకిల్ కింద టిక్కు అని మొదలైంది. కుడికాలు దిగినప్పుడల్లా ఒక టిక్కు. ఘాట్‌లో పొద్దున్నే మంచు కమ్మి ఉంటే ఇంకేమీ వినబడదు, ఆ టిక్కు ఒక్కటే. మొదటిరోజు ఎవరం పట్టించుకోలేదు. నాలుగోరోజుకి అమ్మాయి తొక్కడం మానేసి చప్పుడే వింటోంది.

నగరంలో ఒక షాపుకి తీసుకెళ్లాం. అక్కడి అబ్బాయి సైకిల్ స్టాండుకెత్తి, పెడల్ రెండుసార్లు తిప్పి, "పెడళ్లు అరిగిపోయాయి, బీబీ కూడా పోయింది, రెండూ మార్చాలి" అన్నాడు. బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, రెండు క్రాంకుల మధ్య ఫ్రేములో ఉండే ఇరుసు. చెప్పిన మొత్తం విని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. క్లీట్ల జత ఒక్కటే మా ఇళ్లలో నాలుగైదు రోజుల కూలి. పెడళ్లూ బీబీ కలిపితే కాఫీ పండు అమ్మిన డబ్బుల్లోంచి తియ్యాలి. ఆ డబ్బుకి ఇంట్లో ముందే పేర్లు రాసి ఉంటాయి. ఆలోచించుకుని వస్తామని చెప్పి సైకిల్ వెనక్కి తెచ్చేశాం.

సంతలో సైకిళ్లు బాగుచేసే మామ ఒకాయన ఉన్నాడు. క్లీటు పెడల్ ఆయన ఎప్పుడూ ముట్టుకున్నది లేదు. కానీ కాట్రపిన్ను అరిగిన మామూలు సైకిళ్లు ఆయన చేతిలో ఎన్ని బాగుపడ్డాయో లెక్కలేదు. కాట్రపిన్ను తెలుసు కదా, నల్ల సైకిళ్లలో క్రాంకుని ఇరుసుకి బిగించే మేకు. అది అరిగితే కాలు దిగినప్పుడల్లా టక్కు టక్కు కొట్టుకుంటుంది. షాపులో ఏం చేశారో చెప్తే మామ నవ్వాడు. "స్టాండెక్కించి ఉత్తినే తిప్పితే ఏటి తెలుస్తాది? బరువు పడితేనే మోగుతాది. మనిషి ఎక్కాల, మీరు పక్కన పరిగెట్టాల" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "చప్పుడు వినబడిన కాడే ఉంటాదనుకోకండి. గొట్టంలో మాట్లాడితే ఈ కొస మాట ఆ కొసకి వినబడదా?"

నిజమే. సైకిల్ ఫ్రేమంతా గొట్టాలే. సీటు గొట్టం దగ్గర పుట్టిన కిర్రు పెడల్ కింద వినబడుతుంది. హ్యాండిల్ బోల్టు వదులైనా, వెనక చక్రం బిగింపు వదులైనా కింద నుంచే వస్తున్నట్టుంటుంది. అందుకని పెడల్ మీద చెయ్యి వెయ్యకముందు, అది పెడల్ చప్పుడేనా అన్నది తేల్చుకోవాలి. దానికి పానా కూడా అక్కర్లేదు, ఎక్కువ బండ్లు తిరగని ఎగువ దారి ఒకటుంటే చాలు.

చెల్లి ఎక్కింది, మేం పక్కన పరిగెట్టాం. తొక్కడం ఆపి ఊరికే దొర్లనిచ్చింది. చప్పుడు లేదు. అంటే చక్రాలు కాదు, చక్రాలైతే తొక్కినా తొక్కకపోయినా మోగుతాయి. మళ్లీ తొక్కింది, ఈసారి సీటు మీంచి లేచి. టిక్కు ఉంది. కూర్చుంటేనే ఉండి, లేస్తే పోతే సీటుని అనుమానించాలి. ఇక్కడ రెండిట్లోనూ ఉంది, సీటు కాదు. తర్వాత కుడికాలు ఊడదీసి ఎడమకాలితో ఒక్కదాంతోనే తొక్కింది. చప్పుడు లేదు! బీబీగానీ చైనుగానీ కారణమైతే ఒంటికాలితో తొక్కినా కొంచెమైనా వినబడాలి. ఇది కాస్త జాగ్రత్తగా చెయ్యండి, చదునుగా ఉన్నచోట, పక్కన మనిషిని పెట్టుకుని.

ఇక కుడివైపు మిగిలినవి పెడల్, క్లీటు, షూ. దీన్ని విడదియ్యడం ఇంకా తేలిక. చెల్లి కుడి షూ విప్పేసి మామూలు కాన్వాసు బూటు వేసుకుని అదే పెడల్ మీద గట్టిగా నొక్కి తొక్కింది. చప్పుడు లేదు. మాలో ఒకడు తన క్లీటు షూతో అదే పెడల్ ఎక్కాడు, చప్పుడు లేదు. చెల్లి అదే షూతో రెండో సైకిల్ ఎక్కగానే టిక్కు! పెడల్ మీద పడ్డ నింద పోయింది. బీబీ మీద పడ్డదీ పోయింది. దోషం షూ కిందే ఉంది. ఇదంతా తేలడానికి అరగంట పట్టింది, ఒక్క రూపాయి కాలేదు.

ఇక్కడ ఒక మాట. "మీకు అడవిలో పెరిగిన చెవులు, ఇట్టే పట్టేస్తారు" అని కాలేజీలో ఒకరు మెచ్చుకోలుగానే అన్నారు. చెవుల గొప్పేం కాదండీ. షాపు అబ్బాయికీ మాకూ ఒకేలా వినబడింది. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూశాం, అంతే. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల పోయిందో ఎప్పటికీ తెలీదు.

షూ తిరగేశాం. మూడు బోల్టుల క్లీటు అది, షిమానో రోడ్డు రకం. ముందు బోల్టు 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పెడితే వేళ్లతోనే తిరిగింది. క్లీటు ఊడదీసే ముందు దాని చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నాం, ఇది మర్చిపోకండి. క్లీటు ఉన్నచోటు కొంచెం మారినా, నాలుగు రోజుల్లో మోకాలు చెప్తుంది. ఊడదీస్తే క్లీటుకీ సోలుకీ మధ్య సన్న ఇసుక. మన రోడ్ల మీద ఉండే ఎర్ర ఇసుకే, వానకి చేరి ఎండకి గట్టిపడింది. కాలు నొక్కినప్పుడల్లా వదులు క్లీటు ఆ ఇసుక మీద ఒక వెంట్రుకంత కదిలి టిక్కుమంటోందన్నమాట. పాత టూత్ బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, బోల్టుల మరలకి గ్రీజు రాసి, గీతకి సరిగ్గా పెట్టి బిగించాం. బిగింపు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు ఉండాలంటారు. దాన్ని కొలిచే పానా మా దగ్గర లేదు, చిన్న అలెన్ కీతో చేతి బలం సరిపోతుంది. కీకి గొట్టం తొడిగి బిగించేవాళ్లని చూశాం, అలా చేస్తే సోలు లోపల మర పోతుంది, తర్వాత షూయే మార్చుకోవాలి. మూడు బోల్టుల్నీ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి, లారీ చక్రానికి బిగించినట్టు.

టిక్కు పోయింది. కానీ సన్నగా కిర్రు మిగిలింది, పొడి తలుపు చప్పుడులాగ. అది క్లీటు ప్లాస్టిక్ పెడల్ మీద పొడిపొడిగా రాసుకోవడం. దీనికి చాలామంది చైను ఆయిల్ పోస్తారు. మాకది నచ్చదు. ఆయిల్‌కి దుమ్ము అంటుకుని సాన రాయిలా పనిచేస్తుంది, క్లీటుని ఇంకా తొందరగా తినేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక, రాసుకునే అంచుల మీద కొవ్వొత్తి రుద్దాం. కిర్రు కూడా పోయింది. వాన పడితే మళ్లీ రుద్దుకోవాలి.

కథ ఇక్కడితో అయిపోయేది. చప్పుడు పోయింది కదా, చెల్లి అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుంది కూడా. కడగడానికి కుడిదాని పక్కన ఎడమ షూ కూడా తిరగేసి పెట్టాం. అప్పుడు చూశాం.

కుడి క్లీటు దాదాపు కొత్తదిలా ఉంది. ఎడమది, ఇన్ని రోజులూ కిక్కురుమనకుండా ఉన్నది, ముందు ముక్కు బ్లేడులా పలచబడిపోయింది. వెనక అంచు గుండ్రంగా అయిపోయింది. ఆ నల్ల క్లీటు మీద నడవడానికి వీలుగా రంగు ముక్కలుంటాయి, అవి అరిగి కింద నలుపు బైటపడింది. అసలు ఆ ముక్కలు ఉండేదే ఎంత అరిగిందో మనకి తెలియడానికి కూడా. రంగు చూసి ఇంకొకటి కూడా తెలుసుకోవచ్చు: ఎరుపైతే కాలు అటూ ఇటూ కదలదు, 0 డిగ్రీలు. నీలమైతే 2, పసుపైతే 6 డిగ్రీలు కదులుతుంది. మొదలుపెట్టేవాళ్లకి పసుపే మంచిది.

ఎడమదే ఎందుకు అరిగిందంటే, ఆగినప్పుడల్లా చెల్లి నేల మీద పెట్టే కాలు అదే. మనలో ఎక్కువమందికి ఒక కాలు అలవాటుంటుంది. గేటు దగ్గర, ఆవులు అడ్డమొచ్చినచోట, సంత రోజు జనంలో, ప్రతిసారీ అదే కాలు దిగుతుంది. దానికి తోడు, ఊళ్లోంచి తారురోడ్డు దాకా గులకరాళ్ల దారిలో సైకిల్ నడిపించుకుంటూ ఆ షూలతోనే వచ్చేది. ప్లాస్టిక్ క్లీటుకి పెడల్ కంటే పెద్ద శత్రువు నడకే.

ఎందుకింత భయపడ్డామో చెప్తాం. మాకు ముందు ఇదే సైకిళ్ల మీద తొక్కిన అన్న ఒకడున్నాడు. పేరు రాయం, ఆయనకి ఇష్టం ఉండదు. ఒక పోటీలో చివరి పరుగులో, సీటు మీంచి లేచి బలమంతా పెట్టి తొక్కుతుంటే, కాలు పైకి లాగినప్పుడు క్లీటు పెడల్‌లోంచి జారిపోయింది. ఆ వేగంలో ఒక కాలు గాల్లో ఉంటే సైకిల్ నిలబడదు. భుజం కిందకి పడి కాలర్ బోన్ విరిగింది. అంతకు వారం ముందు ఆ పెడల్ కాలిని తొందరగా వదిలేస్తోందని ఒక చోట చూపిస్తే, స్ప్రింగు బిగించి పంపారు. ఆ చిన్న మరని ప్లస్ వైపు తిప్పితే పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ పట్టుకోవడానికి క్లీటు ముక్కు ఉండాలి కదా! అరిగిన క్లీటుకి స్ప్రింగు బిగించడమంటే, చివికిన తాడుకి ఇంకో ముడి వెయ్యడమే. ఎముక అతుక్కుంది. అన్న మాత్రం మళ్లీ సైకిలెక్కలేదు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, మేం ఎదురైతే హారన్ కొడతాడు.

ఆయన సైకిల్ కూడా ఏ చప్పుడూ చెయ్యలేదు.

అందుకని మాకు అర్థమైందేంటంటే, చప్పుడు వేరు, అరుగుదల వేరు. ఇసుక, వదులు బోల్టు, పొడిదనం చప్పుడు చేస్తాయి, వాటితో ప్రమాదం తక్కువ. అరుగుదల చాలాసార్లు నోరు మెదపదు. దాన్ని చెవితో కాదు, చేత్తో, కంటితో పట్టుకోవాలి. షూ పెడల్‌కి తగిలించి మడమ అటూ ఇటూ కదపండి. నున్నగా కొంచెం జారితే అది సహజం. కానీ పాదం పక్కలకి ఒరిగి, వదులైన మడతబందు మీద తలుపులా ఊగితే క్లీటో పెడలో అరిగింది. మునుపు బాగా తిప్పితేగానీ ఊడనిది ఇప్పుడు కొంచెం తిప్పగానే ఊడితే అది ఇంకా చెడ్డ గుర్తు. పెడల్ పైన క్లీటు రాసుకునేచోట గోరు పెట్టి చూడండి, గాడి తగిలితే పెడల్ కూడా వంతుకొచ్చిందని.

చెల్లికి కొత్త క్లీట్లు కొన్నాం. నలుగురం వేసుకున్నాం. జతగానే అమ్ముతారు, ఒక్కటి ఇవ్వరు. రెండూ కొత్తవే బిగించాం, బాగున్న పాత కుడిది దాచాం. ఈ రకం క్లీటుకి కుడి ఎడమ తేడా లేదు, ఏ షూకైనా పడుతుంది. అందుకే ఇప్పుడు సగం అరిగేసరికి రెండూ అటుదిటు ఇటుదటు మార్చేస్తున్నాం, రెండూ సమానంగా అరుగుతాయి. నడిచేటప్పుడు తొడుక్కోవడానికి రబ్బరు తొడుగులు దొరుకుతాయి. అవి లేకపోతే చెప్పులు సంచిలో పెట్టుకుని రండి, ఊరి దారంతా చెప్పులతో నడిచి తారురోడ్డు మీద షూ వేసుకోండి.

కొత్తగా కొందామనుకునేవాళ్లకి మా అభిప్రాయం: మన దారులకి మూడు బోల్టుల రోడ్డు క్లీటు కంటే రెండు బోల్టుల ఎస్పీడీ మేలు. అది చిన్న ఇనుప ముక్క, షూ సోలు లోపలికి ఉంటుంది, నడిస్తే నేలకి పెద్దగా తగలదు, చాలాకాలం వస్తుంది. దానికి బురద ఎక్కితే పట్టుకోదు, పుల్లతో గీకెయ్యాలి, అదొక్కటే. అసలు కాలేజీకి వెళ్లిరావడానికైతే ఇవేవీ అక్కర్లేదు, మామూలు చదును పెడలే హాయి. క్లీటు లేనివాడు సైకిలిస్టు కాదన్నట్టు మాట్లాడేవాళ్లు తగిలితే, ఎగువలో వాళ్లని దాటి వెళ్లిపోండి.

పెడల్ బేరింగు సంగతి క్లుప్తంగా. పెడల్‌ని క్రాంకు దగ్గర పట్టుకుని ఊపి చూడండి, ఊగితే లోపల కోను వదులైంది. వేళ్లతో తిప్పితే బరువుగా, నున్నగా తిరగాలి. గరగరమంటే గోళీల్లోకి నీళ్లో ఇసుకో దిగింది. వానాకాలం తర్వాత ఒకసారి ఊడదీసి పాత గ్రీజు తుడిచి కొత్తది పెడితే చాలాసార్లు బతుకుతుంది. పెడల్‌ని క్రాంకులోంచి తీసేటప్పుడు, ఎడమ పెడల్‌ది తిరగమర అని గుర్తుంచుకోండి. నల్ల సైకిల్‌కైనా రేసు సైకిల్‌కైనా ఇదే పద్ధతి. పానా పిడి పైకుండేలా పెట్టి, ముందు చక్రం వైపు లాగితే రెండు పక్కలా బిగుస్తుంది, వెనక చక్రం వైపు లాగితే రెండు పక్కలా వదులవుతుంది. మరకి గ్రీజు రాయకుండా ఎక్కించకండి, పొడి మర కూడా టిక్కుమంటుంది, పైగా పట్టేసి తర్వాత రాదు.

క్లీట్లు మార్చాక చెల్లి వారం పాటు ఘాట్ ఎక్కింది, అమ్మవారి పాదాల దాకా ఒక్కసారీ కాలు దించకుండా. ట్రయల్స్‌లో మొదలుపెట్టే గీత దగ్గర ఎడమకాలు తగిలించి, రెండుసార్లు పైకి లాగి చూసుకుని వెళ్లింది. టైము బాగానే వచ్చింది, ఆ అమ్మాయి ఇదివరకటి టైము కంటే మెరుగే. జాబితా ఇంకా పెట్టలేదు.

ఇకపోతే నిన్నటి నుంచి రెండో సైకిల్ వెనక గరగరమంటోంది. తొక్కినా మోగుతోంది, తొక్కకపోయినా మోగుతోంది. పెడల్‌కి సంబంధం లేదు. సంత రోజు మామ దగ్గరికి తీసుకెళ్తున్నాం.